నాన్నకి డయాలసిస్, నాకు ఎలక్టివ్: ఆన్‌లైన్‌లో చేస్తే పనికొస్తుందా?

ప్రశ్న: మేడమ్, నేను విశాఖపట్నం శివార్లలో ఒక మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చదువుతున్నాను. థర్డ్ ప్రొఫ్ పార్ట్ 1 (ఫైనల్‌కి ముందు పరీక్ష) అయిపోయింది, ఎలక్టివ్స్, అంటే నచ్చిన సబ్జెక్టు ఎంచుకుని చేసే పోస్టింగులు, రాబోతున్నాయి. నాకు న్యూరోరేడియాలజీ, అంటే మెదడు, నరాల స్కాన్లు చదివే విభాగం, చాలా ఇష్టం. వేరే రాష్ట్రంలో ఒక పెద్ద ఆసుపత్రికి మెయిల్స్ మీద మెయిల్స్ పెట్టి సీటు ఒప్పించుకున్నాను. ఇంతలో నాన్నకి డయాలసిస్ మొదలైంది, వారానికి 3 రోజులు. నేను ఒక్కతే కూతుర్ని, అమ్మ ఆరోగ్యం కూడా అంతంతమాత్రమే, వెళ్లలేను. మా కాలేజీలో న్యూరోరేడియాలజీకి విడిగా ఎవరూ లేరు. ఇప్పుడు నా ముందు రెండు దారులు ఉన్నాయి. ఒకటి, అమెరికాలో ఒక యూనివర్సిటీ వాళ్ల 4 వారాల వర్చువల్ ఎలక్టివ్, ఫీజు తక్కువే. రెండోది, ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెప్తున్న టెలీ రొటేషన్ (డాక్టరు రోగులతో మాట్లాడుతుంటే ఆన్‌లైన్‌లో చూడటం), 85 వేలు, సర్టిఫికెట్‌తో పాటు లెటర్ ఆఫ్ రికమండేషన్ కూడా ఇప్పిస్తారట. ఫ్రెండ్స్ అయితే ఆన్‌లైన్ ఎలక్టివ్ అంటే ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకోవడమే అంటున్నారు. ఏది చెయ్యను? కాలేజీ ఒప్పుకుంటుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
ఎంవీపీ కాలనీ నుంచి ఒక విద్యార్థిని

సమాధానం:

అమ్మా, ముందుగా ఒక మాట. నాన్నగారి దగ్గర ఉండిపోవాలని నువ్వు తీసుకున్న నిర్ణయం సరైనదే, దాని గురించి ఇంక మథనపడకు. డయాలసిస్ మొదలైన తొలి నెలల్లో ఇల్లంతా తలకిందులైపోతుంది. సూదులు గుచ్చడానికి చేతికి చేసే ఫిస్ట్యులా, తాగే నీళ్లకి లెక్క, తినే ఉప్పుకి లెక్క, మెషీన్ మీంచి లేచిన రోజు ఆ నీరసం, ఇవన్నీ దగ్గరుండి చూసుకోవాల్సినవి. న్యూరోరేడియాలజీ ఎక్కడికీ పారిపోదు.

ఇక నీ ప్రశ్న. ఆన్‌లైన్ ఎలక్టివ్ పనికొస్తుందా అంటే, నువ్వు కోరుకున్న సబ్జెక్టుకి పనికొస్తుంది, బాగానే పనికొస్తుంది, కానీ ఒక్క షరతు ఉంది. ప్రతి కేసులోనూ ముందు నువ్వు నోరు విప్పాలి, ఆ తర్వాతే చెప్పేవాళ్లు నోరు విప్పాలి. తెర మీదికి స్కాన్ రాగానే "ఇదిగో ఇక్కడ బ్లీడ్ ఉంది, చూశారా" అని వాళ్లే బాణం గుర్తు పెట్టి చూపించేస్తే, మనకి అన్నీ అర్థమైపోయినట్టే ఉంటుంది, ఏమీ రాదు. ఎందుకంటే బాణం పెట్టాక ఎవరికైనా కనబడుతుంది. క్యాజువాల్టీలో రాత్రి 2 గంటలకి బాణాలు పెట్టేవాళ్లు ఎవరూ ఉండరు.

ఇది నేను నా తప్పు నుంచి నేర్చుకున్నాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి స్టూడెంట్స్ అందరూ ఇళ్లకి వెళ్లిపోయారు. అదే నెల 17న అమెరికాలో మెడికల్ కాలేజీల సంఘం కూడా విద్యార్థుల క్లినికల్ రొటేషన్లు (ఆసుపత్రి పోస్టింగులు) ఆపమని చెప్పింది. ఇవాళ మనం వర్చువల్ ఎలక్టివ్ అంటున్నవి పెద్ద ఎత్తున పుట్టుకొచ్చింది ఆ రోజుల్లోనే, అందులోనూ తెర మీద బొమ్మతో పని నడిచే రేడియాలజీ లాంటి సబ్జెక్టులు త్వరగా దారిలో పడ్డాయి. నేనూ ఆన్‌లైన్ క్లాసులు మొదలుపెట్టాను. 40 స్లయిడ్లు, అరవై మంది పిల్లలు, అన్ని కెమెరాలూ ఆఫ్, గంట సేపు ఏకధాటిగా చెప్పాను. చివర్లో ఒక మామూలు ఛాతీ ఎక్స్‌రే పెట్టి ఎవరైనా చదవండి అంటే ఒక్క గొంతూ లేవలేదు. వాళ్ల తప్పేం లేదు, ఆ గంటలో నేను వాళ్లని ఒక్కటంటే ఒక్క ప్రశ్న అడగలేదు.

సెకండ్ వేవ్‌లో, అంటే 2021 మేలో, పద్ధతి మార్చాను. ఆరుగురే, సాయంత్రం ఏడున్నరకి. రోగి పేరూ వివరాలూ తీసేసిన 3 కేసులు ముందు రోజు రాత్రే పంపేదాన్ని. ఒక్కొక్కళ్లు ఒక తెల్లకాగితం మీద తమకి ఏం కనబడిందో 3 లైన్లు రాసి, క్లాసు మొదలవగానే కెమెరా ముందు పట్టుకోవాలి, ఆ తర్వాతే మాటలు. ఒక రోజు ఒక సీటీ బ్రెయిన్ ఇచ్చాను, పెద్దాయన, ముందు రోజు బాత్రూములో జారిపడ్డారు, తలనొప్పి అంటున్నారు. ఆరు కాగితాల్లో మూడింట్లో నార్మల్ అని ఉంది, రెండింట్లో పాత ఇన్‌ఫార్క్ట్ (రక్తం అందక దెబ్బతిన్న భాగం) అని ఉంది. ఆరో కాగితం పాడేరు వైపు నుంచి వచ్చిన అమ్మాయిది. ఇంట్లో సిగ్నల్ అందక మేడ మీద కూర్చుని వినేది, వెనకాల ఒకటే కీచురాళ్ల చప్పుడు. ఆ అమ్మాయి ఇలా రాసింది: "ఎడమవైపు మెదడు మడతలు కుడివైపు లాగా కనబడట్లేదు. ఎందుకో తెలీదు."

ఎందుకో తెలీదు అని రాయడానికి ఎంత ధైర్యం కావాలో నీకు తెలుసు కదా. నేను జవాబు చెప్పలేదు, ఇప్పుడేం చెయ్యమంటావమ్మా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "విండో వెడల్పు పెంచండి మేడమ్" అంది. పెంచాను. విండో అంటే ఏ విలువ నుంచి ఏ విలువ దాకా నలుపు తెలుపుల మధ్య తేడాగా చూపించాలో పెట్టుకునే హద్దు. సీటీలో నీళ్ల విలువ 0, గాలిది మైనస్ 1000, తాజా రక్తం 50 నుంచి 70 దాకా ఉంటుంది, ఎముక అయితే వందలు దాటిపోతుంది. మామూలు బ్రెయిన్ విండో వెడల్పు 80, లెవెల్ (మధ్య విలువ) 40, అంటే 80 దాటినదంతా ఒకే తెలుపు. అందులో పుర్రెకి ఆనుకుని పల్చగా పరుచుకున్న రక్తం కూడా దాదాపు తెల్లగానే ఉండి, ఎముకలో కలిసిపోతుంది. వెడల్పు 200 దాకా తీసుకెళ్లేసరికి ఎముక తెల్లగానే ఉండిపోయింది, దాని లోపలి అంచున బూడిద రంగులో ఒక సన్నటి చార విడిపోయి బయటికొచ్చింది. "మేడమ్, ఎముక పక్కన ఇంకో గీత వచ్చింది" అని ఆ అమ్మాయి మేడ మీంచి అరిచిన అరుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. సబ్‌డ్యూరల్, అంటే పుర్రెకీ మెదడుకీ మధ్య చేరిన రక్తం. మిగతా ఐదుగురు కూడా ఆ రోజు నుంచి తల స్కాన్ అంటే విండో మార్చకుండా వదిలిపెట్టలేదు.

ఆ ఆరుగురూ నన్ను ఒక్కసారి కూడా ఎదురుగా చూడలేదు. నేర్చుకున్నారు. నీ ఫ్రెండ్స్ చెప్పే ఒడ్డున ఈత మాట నా మొదటి క్లాసుకి సరిపోతుంది గానీ దీనికి సరిపోదు.

అయితే అన్ని సబ్జెక్టులకీ ఇదే మాట చెప్పలేను, ఈ ఉత్తరం చదివే నీ తోటివాళ్ల కోసం రెండు ముక్కలు. పాథాలజీలో స్లయిడ్లు మొత్తంగా స్కాన్ చేసి తెర మీద చూపిస్తారు కాబట్టి అది బాగానే కుదురుతుంది. డెర్మటాలజీ కుదిరినట్టే ఉంటుంది, కానీ విదేశీ ప్రోగ్రాముల్లో ఎక్కువగా తెల్ల చర్మం మీద ఫొటోలే చూపిస్తారు, వాళ్లు ఎర్రగా ఉంది అనేది మన ఒంటి రంగు మీద నల్లగానో ఊదాగానో కనబడుతుంది, పైగా వేలితో తడిమితే తెలిసే మందం ఫొటోలో తెలియదు. సర్జరీ, గైనిక్, పిల్లల వార్డు, వీటిని ఇంట్లో కూర్చుని చెయ్యడం నాకు ససేమిరా ఇష్టం లేదు. పొట్ట మీద చెయ్యి వేసినప్పుడు రోగి ముఖంలో కనబడేది ఏ తెరా చూపించదు.

ఇప్పుడు ఆ 85 వేల సంగతి. వద్దమ్మా. గట్టిగానే చెప్తున్నాను. 2022 జనవరి 26 నుంచి, అమెరికాలో డాక్టరు లైసెన్సుకి రాసే స్టెప్ 1 పరీక్షకి మార్కులు తీసేసి పాస్, ఫెయిల్ మాత్రమే పెట్టారు, దాంతో మన పిల్లలు మిగతా వాటి మీద, ముఖ్యంగా ఈ లెటర్ల మీద పడ్డారు, అది చూసి దుకాణాలు లేచాయి. లెటర్ ముందే ఖాయం అని చెప్పి డబ్బు తీసుకుంటున్నారంటే, నువ్వు ఎలా పనిచేసినా చెయ్యకపోయినా అదే లెటర్ వస్తుందని అర్థం. అలాంటి లెటర్లు రోజూ చదివే, అక్కడ పీజీ సీట్లు ఇచ్చే ప్రోగ్రాం డైరెక్టర్‌కి ఆ సంగతి రెండో లైనులోనే తెలిసిపోతుంది. ఇంకొకటి, రెసిడెన్సీకి (అక్కడి పీజీ శిక్షణకి) తీసుకునేటప్పుడు చాలా ప్రోగ్రాములు అడిగేది రోగుల దగ్గర చేతులారా చేసిన అనుభవం, జూమ్‌లో ఒక మూల కూర్చుని డాక్టరు గారు మాట్లాడటం చూసినది ఆ లెక్కలోకి రాదు. అది చాలక, ఆ తెర అవతల ఉన్న రోగికి ఇక్కడ విశాఖలో ఒక స్టూడెంట్ తన మాటలు వింటోందని తెలుసా, ఒప్పుకున్నారా? నువ్వు ఆ కన్సల్టెన్సీ వాళ్లని ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడు, ఏం చెప్తారో. మీ ఇంట్లో ఇప్పుడు నెలనెలా మందులకీ ఇంజెక్షన్లకీ ఎంత అవుతోందో నాకు తెలుసు, ఆ 85 వేలు ఇంట్లో ఉంచండి.

ఆ యూనివర్సిటీ ఎలక్టివ్ మీద నాకు ఆశ ఉంది, కానీ పేరు చూసి చేరిపోకు. ముందు వాళ్లకి మెయిల్ పెట్టు. ఒక్కో టీచరుకి ఎంతమంది స్టూడెంట్స్, లైవ్ సెషన్‌లో నేను కేసు ప్రెజెంట్ చేస్తానా లేక వినడమేనా, నేను రాసిన రిపోర్టుని ఎవరైనా దిద్దుతారా, చివర్లో రాతపూర్వకంగా మూల్యాంకనం ఇస్తారా. ఇంతే. ఎనిమిది మందికి ఒకరు, వారానికి కనీసం రెండు సార్లు నీ వంతు వస్తుంది అంటే కళ్లు మూసుకుని చేరు. 150 మందికి రికార్డు చేసిన వీడియోలు, చివర్లో 20 బిట్ల క్విజ్ అంటే చేరొద్దు. వీడియోలూ కేసులూ ఫీజు లేకుండానే దొరుకుతాయి. 2005లో ఆస్ట్రేలియాలో మొదలైన రేడియోపీడియా ఉంది కదా, దాంట్లో చాలా కేసులు ఒక్క బొమ్మగా కాదు, వరుస మొత్తం కిందకీ పైకీ తిప్పుకుని చూసుకునేలా ఉంటాయి, జవాబు మూసిపెట్టుకుని చదువుకోవచ్చు.

టైము కూడా చూసుకో. అమెరికా తూర్పు తీరంలో పొద్దున్న 8 గంటల రీడౌట్ (స్కాన్లు కలిసి చదివే సెషన్) అంటే వేసవిలో మనకి సాయంత్రం ఐదున్నర, నవంబరు దాటాక ఆరున్నర. పగలు పోస్టింగులు చూసుకుని వచ్చి కూర్చోవచ్చు. అదే పడమటి తీరం అయితే రాత్రి ఎనిమిదిన్నర, ఒక్కోసారి తొమ్మిదిన్నర అవుతుంది, మర్నాడు పొద్దున్నే నాన్నగారికి డయాలసిస్ ఉన్న వారాల్లో నీ వల్ల కాదు, ఒప్పుకోకు.

ఇప్పుడు అసలు చిక్కు, కాలేజీ. ఎలక్టివ్స్ 2019లో చేరిన బ్యాచ్ నుంచి కొత్త కరిక్యులమ్‌తో వచ్చాయి. మొదట 2 నెలలు అన్నారు, తర్వాత 1 నెలకి తగ్గించి 15 రోజుల చొప్పున రెండు బ్లాకులు చేశారు. మొదటి బ్లాకు ల్యాబుల్లోనో, ఎవరైనా రీసెర్చ్ చేస్తుంటే వాళ్ల దగ్గరో, రెండో బ్లాకు క్లినికల్ డిపార్ట్‌మెంట్లలో. 75 శాతం హాజరు, సంతకాలు పెట్టిన లాగ్‌బుక్, ఈ రెండూ లేకపోతే ఫైనల్ పరీక్షకి కూర్చోనివ్వరు. ఏయే ఎలక్టివ్స్ ఉంటాయో, ఎవరి కింద ఎంతమందో నిర్ణయించేది కూడా కాలేజీయే. కాబట్టి నీ అంతట నువ్వు విదేశీ ప్రోగ్రాంలో చేరిపోయి, అయిపోయాక సర్టిఫికెట్ తెచ్చి టేబుల్ మీద పెడితే, వాళ్లు కాదు అంటే నీకు చెప్పుకునే చోటు ఉండదు. పైగా వాళ్లది 4 వారాలు, నీ బ్లాకు 15 రోజులు, లెక్కే కుదరదు.

ఆన్‌లైన్ చదువు మీద మన దగ్గర పైవాళ్లకి ఎంత పట్టింపు ఉందో 2022లో చూశాం. యుద్ధం వల్ల ఉక్రెయిన్ నుంచీ, అంతకు ముందు కోవిడ్ వల్ల చైనా నుంచీ వచ్చేసి ఇంట్లోంచే ఫైనలియర్ ముగించిన పిల్లలు మన జిల్లాల్లో ఎంతమందో. ఆ ఏడాది జూలై 28న నేషనల్ మెడికల్ కమిషన్ సర్క్యులర్ ఇచ్చింది. జూన్ 30 లోపు డిగ్రీ చేతికి వచ్చిన అలాంటి వాళ్లని స్క్రీనింగ్ పరీక్షకి (విదేశాల్లో చదివినవాళ్లు ఇక్కడ రాయాల్సిన పరీక్ష) రానిస్తాం, కానీ పాసయ్యాక ఇంటర్న్‌షిప్ 1 ఏడాది కాదు, 2 ఏళ్లు చెయ్యాలి అని. అప్పుడు ఆ తల్లిదండ్రులు ఎంత బాధపడ్డారో నేను దగ్గర్నుంచి చూశాను. కానీ రోగి మంచం పక్కన గడపని కాలాన్ని ఎక్కడో ఒకచోట పూడ్చాల్సిందే అన్న మాట మాత్రం నాకు సబబుగానే అనిపించింది. నీది అంత పెద్ద వ్యవహారం కాదు, అయినా అదే సూత్రం నీకూ వర్తిస్తుంది.

అందుకని నేనైతే ఇలా చేస్తాను. రెండో బ్లాకు మీ కాలేజీ రేడియాలజీ డిపార్ట్‌మెంట్‌లోనే తీసుకో, కాగితం మీద నీ ఎలక్టివ్ అదే. మీ హెచ్‌వోడీ గారినో, నీతో ఓపిగ్గా మాట్లాడే అసోసియేట్ ప్రొఫెసర్ గారినో గైడుగా అడుగు. పగలు అక్కడ పని, సాయంత్రం ఆ వర్చువల్ క్లాసులు, బ్లాకు అయిపోయాక మిగిలిన 2 వారాలూ అది అదనపు చదువుగా సాగుతుంది. ముందే డీన్ గారికి గైడు ద్వారా ఒక పేజీ అర్జీ పెట్టు, నాన్నగారి డయాలసిస్ షెడ్యూల్ జత చెయ్యి, సాయంత్రం ఆన్‌లైన్‌లో చేసే కేసుల చర్చని లాగ్‌బుక్‌లో రాసుకోవచ్చా అని అడుగు. జవాబు కాగితం మీద తీసుకో. నోటిమాటగా "చూద్దాంలే అమ్మా" అన్నది పరీక్ష ఫారం నింపే రోజున ఎవరికీ గుర్తుండదు. మూడు డయాలసిస్ రోజుల్లో ఏ పూట నువ్వు కాలేజీలో ఉండలేవో కూడా అందులోనే రాసెయ్యి, హాజరు 75 శాతానికి తగ్గకుండా ఇప్పుడే లెక్క వేసుకో, తర్వాత బతిమాలుకోవడం కంటే అది నయం.

పగలు అక్కడ ఏం చెయ్యాలంటే, తెర మీద దొరకనివన్నీ. సీటీ గదిలో టెక్నీషియన్ పక్కన నిలబడు. కాంట్రాస్ట్ (స్కాన్‌లో స్పష్టంగా కనబడటానికి ఇచ్చే మందు) ఎక్కించే ముందు రోగిని ఏం అడుగుతారు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎందుకు చూస్తారు, చేతిలో కాన్యులా పక్కకి జారితే ఎలా తెలుస్తుంది. ఎంఆర్‌ఐకి ముందు గాజులూ మెట్టెలూ తీయించడం, లోపల భయపడి కేకలు వేసే పెద్దావిడకి నచ్చచెప్పడం, ఇదంతా రేడియాలజీయే. నీకు ఇందులో ఇంకో దగ్గరి సంగతి కూడా ఉంది. కిడ్నీలు పనిచెయ్యని వాళ్లలో కొన్ని రకాల గడోలినియం ఇంజెక్షన్ల వల్ల చర్మం గట్టిపడిపోయే జబ్బు వస్తోందని 2006లో బయటపడింది, అప్పట్నుంచే ఎంఆర్‌ఐ కాంట్రాస్ట్‌కి ముందు కిడ్నీల గురించి అంత గుచ్చిగుచ్చి అడుగుతున్నారు. మీ నాన్నగారి లాంటివాళ్లకి ఏ మందు ఇవ్వొచ్చు, ఏది ఇవ్వకూడదు అన్నదే నీ ఎలక్టివ్‌లో ఒక చిన్న సెమినార్‌గా తీసుకో. ఇంట్లో రోగి ఉన్న స్టూడెంట్ చేసే సెమినార్ ఎలా ఉంటుందో నేను చూశాను, పుస్తకం చూసి చెప్పినట్టు ఉండదు.

నేను ఏఎంసీలో (ఆంధ్రా మెడికల్ కాలేజీలో) చదివే రోజుల్లో, దాని ఆసుపత్రి కేజీహెచ్‌లో వ్యూ బాక్స్ వెలుగులో తడి ఆరని ఎక్స్‌రే ఫిల్ములు పట్టుకుని సార్ల చుట్టూ తిరిగేవాళ్లం. ఫిల్ము చూసి, పరిగెత్తుకెళ్లి వార్డులో ఆ మనిషిని చూసి, మళ్లీ వచ్చి ఫిల్ము చూసేవాళ్లం. ఆన్‌లైన్‌లో పోయేది ఆ రెండో చూపే. అందుకే వారానికి ఒక్క కేసయినా మీ ఆసుపత్రిలో స్కాన్ చూశాక ఆ రోగి మంచం దగ్గరికి వెళ్లి, అనుమతి అడిగి, నువ్వే పరీక్ష చెయ్యి. చెయ్యి లేవని మనిషిని చూశాక కదలికల్ని నడిపే మెదడు భాగం, మోటార్ కార్టెక్స్, ఎక్కడుందో మళ్లీ మర్చిపోవు.

ఒక హెచ్చరిక, ఇది విదేశీ ప్రోగ్రాముల వాళ్లకి తట్టదు. కొన్ని చోట్ల ఫోనుకి తగిలించుకునే చిన్న అల్ట్రాసౌండ్ ప్రోబ్ కొనుక్కోమంటారు, ఇంట్లోనే ప్రాక్టీసు చేసుకోవడానికి. మన దేశంలో, కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడాన్ని నిషేధించే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేని మనిషికి అల్ట్రాసౌండ్ యంత్రం అమ్మకూడదు, అంత చిన్నదైనా సరే. ఆన్‌లైన్‌లో తెప్పించడం, అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో తెప్పించడం, ఏదీ చెయ్యకు. ఒక్క ప్రోబ్ కోసం కెరీర్ మీదికి తెచ్చుకోవద్దు.

ఇంట్లో ఏర్పాటు గురించి ఎక్కువ చెప్పను. ఫోన్ మీద స్కాన్లు చదవకు, నేర్చుకోవడానికి మామూలు 15 అంగుళాల ల్యాప్‌టాప్ చాలు, గదిలో లైటు తగ్గించుకో, చక్రం ఉన్న మౌస్ ఒకటి కొనుక్కో, టచ్‌ప్యాడ్ మీద 200 బొమ్మలు తిప్పితే వేళ్లు నొప్పి పుడతాయి. అక్టోబరు, నవంబరు అయితే తుపాను రోజులు కదా, హుద్‌హుద్ చూసిన ఊరు మనది, సెషన్‌కి రాలేకపోతే ఎవరికి మెయిల్ పెట్టాలో ముందే కనుక్కుని ఉంచు.

డయాలసిస్ హాల్లో కూర్చుని ల్యాప్‌టాప్ తీద్దామని నీకు అనిపిస్తుంది, 4 గంటలు ఖాళీగా ఉంటావు కాబట్టి. అక్కడ స్కాన్లు మాత్రం తెరవకు. పేరు తీసేసిన బొమ్మలైనా సరే, పక్క మంచం వాళ్లు తొంగి చూస్తారు, ఎవరిదమ్మా అది, క్యాన్సరా అని అడుగుతారు. ఏ కేసునీ స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకు, ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఆ 4 గంటల్లో నోటుబుక్కు తీసి, ముందు రాత్రి చూసిన కేసుని గుర్తు తెచ్చుకుని రిపోర్టు రాయి. చూడకుండా రాయడం చాలా కష్టం, ఎక్కడ గుర్తు రాలేదో అక్కడ నువ్వు సరిగా చూడలేదన్నమాట, ఇంటికి వెళ్లాక మొదట అదే తెరిచి చూడు. లాగ్‌బుక్‌లో రిఫ్లెక్షన్ కింద ఏం జరిగింది, దాంతో ఏం తెలిసింది, ఇకపై ఏం చేస్తాను అని మూడు ప్రశ్నలు ఉంటాయి కదా, చాలామంది చివరి రోజు రాత్రి కూర్చుని ఒకళ్లది ఒకళ్లు చూసి రాసేస్తారు. నీకు ఆ హాల్లో వారానికి మూడు రోజులు రాసుకునే టైము ఉంది. "ఇవాళ సబ్‌డ్యూరల్ వదిలేశాను, విండో మార్చలేదు, రేపట్నుంచి ప్రతి తల స్కానుకీ మూడు విండోలు" అని నిజంగా జరిగింది ఒక్క లైను రాసినా చాలు.

లెటర్ గురించి కూడా అడిగావు కాబట్టి, ఆ యూనివర్సిటీ టీచరు 4 వారాలూ నీ రిపోర్టులు దిద్ది ఉంటే, చివర్లో మొహమాటపడకుండా అడుగు, నేను చేసిన ఫలానా కేసు గురించి రాయగలరా అని. రాస్తే అది నిజమైన లెటర్. రాయకపోయినా, మీ కాలేజీ గైడు రాసేది నీకు ఎలాగూ ఉంటుంది, ఆయన నిన్ను రోగి పక్కన కూడా చూసి ఉంటారు.

ఇవాళ రాత్రే ఆ మెయిల్ పెట్టు, రేపు హెచ్‌వోడీ గారిని కలువు. వాళ్ల జవాబులు వచ్చాక, నీ మొదటి రిపోర్టు రాశాక, కాగితం ఫొటో తీసి నాకు పంపు, దిద్ది పంపుతాను. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.